వాక్యపు కార్డుల ప్రాజెక్టు డైరీ: వచనంతో పాటు దాని అధ్యాయం కూడా చేరాలంటే

మా సంఘం బాపట్ల దగ్గర ఒక పల్లెలో ఉంది. యవ్వనస్తులం ముగ్గురం కలిసి వారానికి నాలుగు బైబిలు వచనాలను కార్డులుగా చేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఒక చిన్న బ్లాగులో పెడుతున్నాం. ఇదే పని మొదలుపెట్టాలనుకునే సంఘాలకు పనికొస్తుందని ఏది పాడైంది, ఏది మార్చాం, ఎందుకు మార్చాం అన్నది వరసగా రాస్తున్నాను. కార్డు చూసినవాళ్లు బైబిలు తెరిచి ఆ అధ్యాయం చదవాలి. మా లెక్కలో కార్డు పని చేసినట్టు అప్పుడే. కింద రాసిన ప్రతి మార్పూ దానికోసం చేసిందే.

దశ 1: ఏ అనువాదం

మందిరంలో చదివేది, పెద్దవాళ్లకు నోటికి వచ్చేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత అనువాదం. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అనేది మా ఊళ్లో బడి గడప తొక్కనివాళ్లు కూడా చెప్తారు. ఆ మాటల్ని మార్చి పెడితే కార్డు పరాయిదిలా అనిపిస్తుంది. అందుకని కార్డు మీద వచనం పాత అనువాదంలోనే.

బ్లాగులో అధ్యాయం మొత్తం పెట్టడం మాత్రం వేరే సంగతి. అంత పాఠం వాడాలంటే ప్రచురణకర్తల అనుమతి తీసుకోవడం పద్ధతి. మేం అధ్యాయాలకు 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు పాఠం తీసుకున్నాం. అది క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది. ఎవరిదో పేరు చెప్పాలి, మార్పు చేస్తే చేశామని చెప్పాలి, మనం చేసినదాన్ని కూడా అదే లైసెన్సులో వదలాలి. ఈ మూడూ పాటిస్తే వాడుకోవచ్చు. పైగా భాష తేలిక. ఇంటర్ చదివే పిల్లలు ఆగకుండా చదువుకుంటూ పోతారు.

చేసిన పని:

1. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాం. వరుసకు ఒక వచనం. పుస్తకం, అధ్యాయం, వచనం, అనువాదం, పాఠం అని ఐదు నిలువు గడులు.
2. పాఠం ఎక్కడా చేత్తో టైపు చేయలేదు, కాపీ చేసి పెట్టాం. చేత్తో కొడితే "నీ", "ని" తారుమారవుతాయి. దేవుని వాక్యంలో ఆ పొరపాటు ఉండకూడదు.
3. కాపీ చేసినదాన్ని అచ్చు బైబిలు పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూశారు.

మూడో పని విసుగు పుట్టిస్తుంది. అయినా వదలొద్దు. నెట్‌లో తిరిగే పాఠాల్లో అక్షరాలు ఎగిరిపోయినవి మాకు చాలా కనబడ్డాయి.

ఇప్పటిదాకా: కార్డులు 0. ఖర్చు 0.

దశ 2: వత్తులు విడిపోవడం

స్ప్రెడ్‌షీట్‌లోని వచనాలను ఒకేసారి కార్డులుగా మార్చడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, బొమ్మలు తయారుచేసే పిల్లో అనే లైబ్రరీతో (సిద్ధంగా దొరికే కోడ్) చిన్న ప్రోగ్రామ్ రాశాం. మొదటి కార్డులో "క్రీస్తు" అనే మాట ముక్కలై వచ్చింది. క పక్కన పొల్లు, దాని పక్కన విడిగా ర, గుడి ఎక్కడో గాల్లో. ఫాంటు మారిస్తే సరిపోతుందనుకుని నాలుగు ఫాంట్లు మార్చాం. అన్నిటిలోనూ అదే తీరు.

లోపం ఫాంటులో లేదు. తెలుగు అక్షరాలను కలిపి వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టడానికి ప్రోగ్రామ్‌కు ఒక సహాయం కావాలి. పిల్లోకు ఆ సహాయం రాక్మ్ అనే లైబ్రరీ నుంచి అందుతుంది. అది లేకపోతే అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుందంతే. రాక్మ్ ఎక్కించాక అదే ఫాంటులో, అదే కార్డులో "క్రీస్తు" నిండుగా వచ్చింది. ప్రోగ్రామింగ్ జోలికి వెళ్లనివాళ్లకు కూడా ఈ సమస్య ఎదురవుతుంది. ఫోటోషాప్‌లో తెలుగు విరిగితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు ఉన్న టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకోవాలి.

ఇంకో చిక్కు పాత డీటీపీ ఫైళ్లతో వచ్చింది. సంఘం పాంప్లెట్లు కంపోజ్ చేసే అన్నయ్య తన దగ్గరున్న వచనాలన్నీ ప్రేమగా ఇచ్చాడు. అవి అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతికి ముందు కాలం నాటి ఫాంట్లలో ఉన్నాయి. బ్లాగులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపించాయి. కన్వర్టర్‌తో మారిస్తే ముప్పాతిక భాగం సరిగ్గా వచ్చింది, మిగతా పాతికలో ఏది తప్పో వెతకడానికి పట్టే సమయంలో కొత్తగా కాపీ చేసుకోవచ్చు. ఆ ఫైళ్లు పక్కన పెట్టేశాం.

ఫాంటు ఏదైనా వాడే ముందు ఈ మాటలు కొట్టి చూడండి: స్త్రీ, శాస్త్రులు, వస్త్రము, క్రీస్తు, కృప, సర్వోన్నతుడు, ఆశ్చర్యకరుడు. ముఖ్యంగా "శాస్త్రులు". స కింద త, దాని పక్కన ర, పైగా కొమ్ము కూడా. ఈ మాట నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. మా ఎంపిక: వచనానికి మండలి, పైన శీర్షికకు రామభద్ర. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు వేసుకోవడానికి కూడా లైసెన్సు అడ్డు లేదు. రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు మాటలకే బాగుంటుంది. వచనమంతా అందులో పెడితే ఊపిరాడదు.

పంక్తుల మధ్య ఎడం 1.2 పెడితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తగిలింది. 1.4కు కూడా "శాస్త్రులు" కింద "కీ" వస్తే రాసుకుంటున్నాయి. 1.6 దగ్గర ఆపాం.

ఇప్పటిదాకా: నిలుపుకున్న కార్డులు 6. ఖర్చు 0.

దశ 3: అమ్మమ్మలు చదవగలగాలి

మొదటి ఆరు కార్డులూ కంప్యూటర్ మీద అందంగా ఉన్నాయి. ఫోన్‌లో స్త్రీల సమాజం పెద్దవాళ్లకు చూపిస్తే చేయి చాచి, ఫోన్ దూరం పెట్టుకుని, చివరికి "నువ్వే చదువమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. రెండు వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు కదా అనొద్దు. స్టేటస్‌లో వేలు ఆనించేలోపు అది ముందుకు వెళ్లిపోతుంది.

స్కేలు తీసుకుని కొలిచాం. కార్డు వెడల్పు 1080 పిక్సెళ్లు. మా ఫోన్ల తెర వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లు. అంటే సుమారు 16 పిక్సెళ్లకు ఒక మిల్లీమీటరు. ఫాంటు సైజు 72 పెడితే అక్షరం నాలుగున్నర మిల్లీమీటర్లు రావాలి అనిపిస్తుంది. రాదు. తెలుగు ఫాంటు ఆ 72లోనే పైన గుడికి, కింద వత్తుకు చోటు ఉంచుకుంటుంది. తెర మీద స్కేలు పెడితే "మ" ఎత్తు రెండు మిల్లీమీటర్లు దాటి కొంచెం ఉంది, అంతే. పెద్దవాళ్లు కళ్లజోడుతో ఆగకుండా చదివింది అక్షరం మూడు మిల్లీమీటర్లకు చేరినప్పుడు. అందుకు ఫాంటు సైజు 96 పెట్టాల్సి వచ్చింది.

దాంతో లెక్క మొత్తం మారింది:

1. చదరం కార్డు వదిలేసి 1080 × 1350కి వచ్చాం. స్టేటస్ కోసం అదే కార్డును 1080 × 1920 నేపథ్యం మధ్యలో పెడుతున్నాం.
2. రెండు పక్కలా 80 పిక్సెళ్ల అంచు. పంక్తికి రెండు మూడు మాటలే పడతాయి.
3. ఆరు పంక్తులకు 920 పిక్సెళ్లకు పైగా పోతాయి. మిగిలింది పైన, కింద రాతలకు.
4. అంటే కార్డుకు ఎక్కువలో ఎక్కువ 15 మాటలు.

ఈ 15 మాటల నియమాన్ని ప్రోగ్రామ్‌కు అప్పగించాం. దాటితే మిగతాది రెండో కార్డు మీదికి పొమ్మన్నాం. యిర్మీయా 29:11 దగ్గర అది చేసిన పని చూడండి. వచనం ఇది: "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు, ఇదే యెహోవా వాక్కు." మాటలు లెక్కపెట్టండి. సరిగ్గా పదిహేనో మాట "హానికరమైనవి". మొదటి కార్డు అక్కడ ముగిసింది. "కావు" రెండో కార్డు మీద పడింది. మొదటి కార్డు ఒక్కటే చూసినవాళ్లకు అర్థం తలకిందులవుతుంది. అది బయటికి వెళ్లకముందే సరిచూసే అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

అప్పటినుంచి విరుపు మనిషే పెడుతున్నాడు. స్ప్రెడ్‌షీట్‌లో వచనాన్ని గట్టిగా చదివి, ఊపిరి తీసుకునే చోట ఒక గీత గుర్తు. ప్రోగ్రామ్ ఆ గీత దగ్గర మాత్రమే పంక్తి గానీ కార్డు గానీ మార్చాలి. తెలుగులో కాదనే మాట వాక్యం చివర్లో వస్తుంది కాబట్టి ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం: కాదు, కావు, లేదు, కలుగదు, వద్దు లాంటి మాట దాని ముందు మాటను వదిలి వెళ్లకూడదు.

ఇప్పటిదాకా: కార్డులు 14. ఖర్చు 0.

దశ 4: వెనక బొమ్మ

ఇరవై మూడో కీర్తన అనగానే నెట్‌లో దొరికేవి పచ్చటి కొండలు, ఉన్ని దట్టంగా ఉన్న తెల్లటి గొర్రెలు. ఫోటో ఎవరిదో తెలియకుండా వాడటం మాకు ఇష్టం లేదు. దానికి తోడు ఆ గొర్రెల్ని మా ఊళ్లో ఎవరూ చూడలేదు. వరికోతలయ్యాక మా చేలల్లోకి పైనుంచి మందలు దిగుతాయి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు వాటిని పొలంలో మంద కట్టించుకుంటారు. ఎక్కువ నెల్లూరు జాతివే. పొడుగు కాళ్లు, ఉన్ని లేని పొట్టి వెంట్రుకలు, కొన్ని తెలుపు, కొన్ని గోధుమ రంగు. వాటినే తీశాం. కాపరిని అడిగి, ఆయన మొహం రాకుండా, భుజం మీది గొంగళి, చేతిలో కర్ర, కర్రకు ఆనుకుని నిలబడిన ఒక పిల్ల మాత్రం వచ్చేలా.

ఆ కార్డు మీద నాలుగో వచనం పెట్టాం: "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును." కార్డు వెళ్లిన రోజు సాయంత్రం మా పిన్ని ఫోన్ చేసి, "ఆ కర్రతో వాళ్లు గొర్రెని కొట్టరు రా, దారి తప్పినదాన్ని మెడ దగ్గర ఆపి మళ్లిస్తారు, చిన్నప్పుడు మా చేలో చూసేదాన్ని" అని పావుగంట మాట్లాడింది. ఆ వచనం మీద నేను విన్న మంచి వివరణల్లో అదొకటి. పిన్నిని అడిగి ఆ మాటలే బ్లాగులో కార్డు కింద పెట్టాం.

బొమ్మ మీద అక్షరాలు కనబడటానికి చేసిన మార్పులు:

1. ఫోటో మీద నేరుగా తెల్ల అక్షరాలు పెడితే ఆకాశం ఉన్నచోట మాయమయ్యాయి. అక్షరాల వెనక 60 శాతం ముదురు నల్లటి పట్టీ వేశాం.
2. ఎరుపు అక్షరాలు నీలం మీద వేసి వాట్సాప్‌లో పంపితే అంచులు అలుక్కుపోయాయి. ఫోటోను కుదించేటప్పుడు రంగు వివరాలు ఎక్కువగా పోతాయి, వెలుగు నీడల తేడా మిగులుతుంది. కాబట్టి ముదురు మీద తెలుపు, లేదా లేత మీద నలుపు. వేరే రంగులు అంచు గీతలకే.
3. మధ్యాహ్నం ఎండలో బయట నిలబడి చూశాం. గదిలో బాగున్న రెండు కార్డులు ఎండలో తేలిపోయాయి. మా పాఠకుల్లో సగం మంది పొలంలోనో, ఆటో స్టాండులోనో, బస్సులోనో చూసేవాళ్లు. ఈ పరీక్ష దాటనిది పెట్టడం లేదు.

ఇప్పటిదాకా: కార్డులు 22. ఖర్చు 0.

దశ 5: "మాట ఎవరిది" అనే గడి

ఈ ప్రాజెక్టు తీరు మారింది ఇక్కడే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక్కొక్కరూ ఒక వాగ్దానపు కార్డు తీసుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఆ సంవత్సరమంతా ఆ వచనాన్ని పట్టుకుని ప్రార్థన చేసుకుంటారు. ఈసారి ఆ కార్డులు మమ్మల్నే చేయమన్నారు. అందరూ ముందుగా అడిగిన వచనం యోబు 8:7. "నీ స్థితి మొదట కొద్దిగా ఉండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." తెలుగు క్రైస్తవ ఇళ్లలో, కిరాణా కొట్లలో, కొత్త ఆటోల వెనక ఈ మాట చూడనివాళ్లు ఉండరు.

కార్డు కింద చదవాల్సిన భాగం రాద్దామని అధ్యాయం మొత్తం చదివాం. ఆ మాట దేవుడు చెప్పింది కాదు. యోబు స్నేహితుడు బిల్దదు చెప్పింది. అంతకు మూడు వచనాల ముందు అదే బిల్దదు, పిల్లల్ని పోగొట్టుకున్న ఆ తండ్రితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను అప్పగించాడేమో అంటాడు. నువ్వు నిజంగా పవిత్రుడివైతే ఇప్పుడైనా నీకు మేలు జరుగుతుంది అన్నది అతని వాదన. గ్రంథం చివర్లో, 42:7లో, ఈ ముగ్గురు స్నేహితులూ తన గురించి సరైనది పలకలేదని దేవుడు కోపపడతాడు.

మా ముగ్గురిలో పెద్ద చర్చ జరిగింది. "చివరికి యోబుకు అభివృద్ధి కలిగింది కదా, ఆ మాట నిజమే అయ్యింది కదా" అని ఒకరు. నిజమే, కలిగింది. కానీ బిల్దదు చెప్పిన కారణంతో కలగలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఈ కార్డు వెళ్లి, వాళ్లు బైబిలు తెరిచి నాలుగో వచనం చదివితే ఏమవుతుంది? మా సంఘంలో అలాంటి ఇల్లు ఉంది. ఆ తల్లి చేతికి ఆ కార్డు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగాం. ఆయన రెండు మాటలు చెప్పారు. ఇప్పటికే ఆ వచనం గోడకు పెట్టుకుని దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లను తప్పు పట్టొద్దు, దేవుడు వాళ్ల విశ్వాసాన్ని చూస్తాడు. కొత్తగా చేసే కార్డుకు మాత్రం 42:12 తీసుకోండి, యెహోవా యోబును మొదటికంటే అధికంగా ఆశీర్వదించాడని గ్రంథమే అక్కడ చెబుతుంది. అలాగే చేశాం.

తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో మూడు గడులు కలిపాం: మాట ఎవరిది, ఎవరితో అన్నారు, కనీసం చదవాల్సిన భాగం. పాత కార్డులన్నీ మళ్లీ పరీక్షించాం. ఈ గడి ఎంత అవసరమో బైబిలే చూపిస్తుంది. మత్తయి 4:6లో యేసును శోధించే అపవాది ఎత్తి చెప్పేది తొంభై ఒకటో కీర్తనలోని వచనమే. లూకా 4:7లో "ఇదంతా నీదవుతుంది" అనే వాగ్దానం ఉంది, అది సాతాను మాట. వచనం బైబిల్లో ఉంది కదా అని కార్డు చేసేస్తే ఇది కూడా కార్డు అయిపోతుంది.

కార్డు కొత్త తీరు ఇది:

1. పైన చిన్న పంక్తి: ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో.
2. మధ్యలో వచనం.
3. కింద "చదవండి" అని భాగం. ఒక్క వచనం అంకె కాదు, మొదలు నుంచి చివర దాకా.

యిర్మీయా 29:11 కార్డు ఈ తీరులో ఇలా మారింది. పైన: "యెరూషలేము నుంచి బబులోనుకు, చెరలో ఉన్నవారికి యిర్మీయా పంపిన ఉత్తరం." కింద: "చదవండి: యిర్మీయా 29:4–14." ఆ భాగం తెరిస్తే ముందు కనిపించేది ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అనే మాటలు. పదో వచనంలో డెబ్బై సంవత్సరాల లెక్క. రేపే అంతా మారిపోతుందనే మాట అందులో లేదు. పరాయి చోట ఓపికగా బతకమని, దేవుడు మరిచిపోలేదని ఉంది. కువైట్‌లో పనిచేసే మా సంఘం అక్క ఒకామె ఈ కార్డుకు ఇచ్చిన జవాబు ఇదే: "ఇన్నేళ్లూ పదకొండో వచనమే తెలుసు తమ్ముడూ, ఇది ఊరు విడిచినవాళ్లకు రాసిన ఉత్తరమని ఇవాళే తెలిసింది. అధ్యాయం మా రూమ్‌లో అందరికీ చదివాను."

ప్రింటు సంగతులు త్వరగా చెప్పేస్తాను. 4 × 6 అంగుళాల కార్డుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1200 × 1800 పిక్సెళ్లు. తెర మీది ముదురు నీలం ప్రింటులో ఇంకా ముదిరి నల్లబడింది, కొంచెం లేత చేసి పంపాలి. మెరిసే లామినేషన్ ట్యూబులైటు కింద చదవనివ్వలేదు, మ్యాట్‌కు మార్చాం. వెనక వైపు క్యూఆర్ కోడ్ 2 సెంటీమీటర్లు, చుట్టూ తెల్లటి ఖాళీ తప్పనిసరి. ఖాళీ తగ్గించి చూసిన నమూనాను సగం ఫోన్లు చదవలేదు.

ఇప్పటిదాకా: కార్డులు 19 (మూడు తీసేశాం). ప్రింటు 100 కార్డులకు ₹1,450. మొత్తం ఖర్చు ₹1,450.

దశ 6: చదవలేనివాళ్లకు గొంతు

అక్షరం ఎంత పెద్దది చేసినా చదువు రానివాళ్లకు కార్డు అందదు. ముందు కంప్యూటర్ గొంతుతో చదివించాం. "కీర్తనలు 23:1" అన్నదాన్ని గడియారం టైములా చదివింది. పాత అనువాదంలోని "వెలుగునై యున్నది" లాంటి మాటలను ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో దానికి తెలియలేదు. రిటైరైన టీచరమ్మను అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. ఆమె చదివితే వాక్యం వాక్యంలా ఉంటుంది.

రికార్డింగులో నేర్చుకున్నవి:

1. ఫ్యాను ఆపాలి. చెవికి వినబడని ఫ్యాను హోరు రికార్డులో వచనం మొత్తం కింద పరుచుకుంటుంది. శబ్దం తగ్గించే ఫిల్టర్ గట్టిగా వాడితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.
2. ఖాళీ గోడల గది వద్దు. బట్టల బీరువా తలుపులు తెరిచి దానివైపు మొహం పెట్టి చదివితే ప్రతిధ్వని పోయింది.
3. మైకు మూతికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా. ఎదురుగా పెడితే ప, భ అక్షరాలకు గాలి కొడుతుంది.
4. అంకెలు మాటల్లో రాసి ఇవ్వాలి: "నూట పంతొమ్మిదవ కీర్తన, నూట ఐదవ వచనం". ముందొకసారి, చివర ఒకసారి.
5. మొత్తం 30 సెకన్ల లోపు.

కార్డును, గొంతును కలిపి వీడియో చేయడానికి ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే ప్రోగ్రామ్ వాడాం. తయారైన వీడియో కంప్యూటర్‌లో ఆడింది, కొన్ని ఫోన్లలో నల్ల తెరే. పిక్సెల్ ఫార్మాట్‌ను yuv420p అని విడిగా చెప్పాక అన్నిటిలోనూ ఆడింది. వెడల్పు, ఎత్తు సరిసంఖ్యలు కావాలన్నది కూడా గుర్తుంచుకోండి. 1080, 1350 రెండూ సరే.

ఇప్పటిదాకా: కార్డులు 31, వాటిలో గొంతు ఉన్నవి 12. మైకు ₹850. మొత్తం ఖర్చు ₹2,300.

దశ 7: పంపడం, కొలవడం

గ్రూపు పెట్టి చూశాం. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్లు కొందరికి అది నచ్చలేదు, చెప్పలేక ఊరుకున్నారు. గ్రూపు మూసేసి బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు మారాం. దానికి 256 మంది హద్దు, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మందిరంలో నంబరు చెప్పి సేవ్ చేయించాం. మాకు ఆ హద్దు కూడా మేలే చేసింది, అడిగినవాళ్లకే పంపుతున్నాం. బడి గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వచనాలు పెట్టం. అన్ని మతాలవాళ్లూ ఉన్న చోట, వేరే పని కోసం పెట్టిన గ్రూపులో, అడగకుండా పెట్టడం వాక్యానికి గౌరవం కాదని మా అభిప్రాయం.

ప్రార్థన మనవులు జవాబుగా వస్తాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీయకూడదు, పేరు తీసేసి కూడా ఎక్కడా పెట్టకూడదు. మా ముగ్గురికీ ఉన్న ఒకే ఒక్క కఠిన నియమం ఇది.

బ్లాగు విషయంలో రెండే చెప్తాను. తెలుగు శీర్షిక పెడితే పేజీ చిరునామా అర్థంలేని గుర్తుల వరసగానో, ఉత్త అంకెగానో వస్తుంది. చిరునామా చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా పెట్టుకోవాలి. రెండోది, వచనం బొమ్మలోనే కాకుండా కింద పాఠంగా కూడా ఉండాలి. చూపు లేనివాళ్ల ఫోన్ పాఠాన్ని చదివి వినిపిస్తుంది, బొమ్మలో ఉన్నదాన్ని సరిగా చదవలేదు. వెతికేవాళ్లకు దొరికేదీ పాఠమే.

స్టేటస్ చూసినవాళ్ల సంఖ్యను కొలతగా తీసుకోవడం మానేశాం. అది వేలు జరిపినవాళ్ల లెక్క. బ్లాగులో అధ్యాయం పేజీ ఎంతమంది తెరిచారో చూస్తున్నాం. పాత తీరు కార్డులకు, కింద లింకు ఉన్నా, ఒక్కోదానికి ముగ్గురు నలుగురు తెరిచేవారు. "ఎవరు, ఎవరితో" పంక్తి వచ్చాక అది ఇరవై దాటింది. యిర్మీయా కార్డుకు 41. అచ్చు బైబిలు తెరిచినవాళ్లు ఈ లెక్కలోకి రారు, వాళ్లు ఆదివారం మందిరంలో చెప్తారు.

ఇప్పటిదాకా: కార్డులు 46, గొంతు ఉన్నవి 27. మొత్తం ఖర్చు ₹2,300.

తర్వాతి పని: కీర్తన 119

176 వచనాలు, ఎనిమిదేసి వచనాల 22 భాగాలు. హెబ్రీ అక్షరమాలలో ఒక్కో అక్షరానికి ఒక్కో భాగం. "నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది" అనే 105వ వచనం అందరికీ తెలుసు, అది పద్నాలుగో భాగానికి మొదటి వచనం. దాని తర్వాతి ఏడూ ఎవరూ కార్డులుగా చేయరు. 107లో కీర్తనకారుడు తాను మిక్కిలి శ్రమపడుతున్నానని చెప్పుకుంటాడు. దీపం గురించి మాట్లాడుతున్న మనిషి చీకట్లో ఉన్నాడని అప్పుడు అర్థమవుతుంది.

ఈసారి కార్డు కొలత వచనం కాదు, భాగం:

1. ఒక భాగానికి ఎనిమిది కార్డుల వరుస, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టుగా.
2. గొంతు మాత్రం ఎనిమిది వచనాలకూ కలిపి ఒకటే. టీచరమ్మ పద్నాలుగో భాగం (హెబ్రీ అక్షరం నూన్‌ది, 105 నుంచి 112) చదివి చూస్తే 30 సెకన్లు దాటిపోయింది. మేం పెట్టుకున్న హద్దు కోసం స్టేటస్‌కు రెండు ముక్కలు చేయాలి, 108 తర్వాత విరిచి చూస్తాం.
3. వెనక బొమ్మ 22 భాగాలకూ ఒకే చోటు నుంచి తీసిన ఫోటోలు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా. చెరువు గట్టు మీద చోటు చూసి పెట్టుకున్నాం, ట్రైపాడ్ కోసం అడుగుతున్నాం.
4. విరుపు గీతలు పెట్టడం సగం అయ్యింది. ఇప్పటికి 11 భాగాలు, 88 వచనాలు.